సందేహాలు – సమాధానాలు: కణాల వయసు నుంచి విశ్వ విస్తరణ దాకా

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఫోన్లలో చేతులు మారుతున్న సైన్సు కబుర్ల గురించే ఉన్నాయి. వాటిలో "ఇది నిజమేనా?" అని అడిగి ఊరుకోకుండా "అసలు దీన్ని ఎలా కొలిచారు?" అని కూడా అడిగిన వాటినే ఈసారి ఎంచుకున్నాము. జవాబులు కొన్ని పొడవుగా, కొన్ని పొట్టిగా ఉంటే మన్నించగలరు. అన్ని ప్రశ్నలకూ ఒకే కొలత సరిపోదు.

ప్రశ్న: మన శరీరం ఏడేళ్లకోసారి పూర్తిగా కొత్తదవుతుందని ఒక ప్రవచనంలో విన్నాను. మా మనవడు కూడా అదే సంగతి ఏదో వీడియోలో చూశానన్నాడు. అలాగైతే చిన్ననాటి మచ్చలు, జ్ఞాపకాలు ఎలా మిగులుతున్నాయి?
– విశ్రాంత ఉపాధ్యాయిని, తెనాలి

జవాబు: ఏడేళ్లు అన్న అంకెకు కొంత ఆధారం ఉంది గానీ, "పూర్తిగా" అన్నది మాత్రం నిజం కాదు. శరీరంలో ఒక్కో కణజాలం ఒక్కో వేగంతో మారుతుంది. పేగుల లోపలి పొరలోని కణాలు కొద్ది రోజులకే రాలిపోతాయి. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు ఉంటుంది. పెద్దవారి ఎముకల్లో ఏటా పదో వంతు దాకా కరిగి మళ్లీ కట్టుకుంటుంది. ఇలాంటివన్నీ కలిపి సగటు తీస్తే ఏడు నుంచి పదేళ్ల అంకె వస్తుంది. ఆ సగటునే ఎవరో శరీరం మొత్తానికి గడువుగా ప్రచారంలో పెట్టారు.

దీన్ని కొలిచిన తీరు ఇంకా విశేషమైనది. 1950ల మధ్య నుంచి 1963 దాకా అగ్రరాజ్యాలు బహిరంగంగా జరిపిన అణుపరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 అనే రేడియోధార్మిక కర్బనం దాదాపు రెట్టింపయింది. 1963లో కుదిరిన ఒప్పందం తర్వాత ఆ పరీక్షలు చాలావరకు భూగర్భానికి మారాయి. గాలిలోని అదనపు కార్బన్-14ను సముద్రాలు, చెట్లు పీల్చుకోవడంతో దాని మోతాదు ఏటికేడాది తగ్గుతూ వచ్చింది. మొక్కలు ఆ గాలినే పీల్చుకుంటాయి, మనం ఆ మొక్కలనో, వాటిని తిన్న జంతువులనో తింటాము. కణం విభజన చెంది కొత్త డీఎన్‌ఏ తయారైనప్పుడు, ఆ ఏడాది గాలిలో ఎంత మోతాదు ఉందో అంతే మోతాదు అందులో చేరి దాదాపు అలాగే నిలిచిపోతుంది. కనుక డీఎన్‌ఏలోని కార్బన్-14 కొలిస్తే ఆ కణం ఏ సంవత్సరంలో పుట్టిందో తెలుస్తుంది. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో యోనాస్ ఫ్రీసెన్ బృందం 2005లో ఈ పద్ధతిని ప్రకటించింది. ప్రపంచాన్ని భయపెట్టడానికి చేసిన పేలుళ్లు కొన్ని దశాబ్దాల తర్వాత మన కణాల పుట్టిన సంవత్సరాన్ని చెప్పడానికి పనికివచ్చాయన్నది చరిత్రలోని చిత్రాల్లో ఒకటి.

ఆ పద్ధతిలో తేలినదేమిటంటే, మెదడు పైపొరలోని నాడీకణాలు మనిషితో పాటే పుట్టి, మనిషి వయసే కలిగి ఉంటాయి. గుండె కండర కణాలు మారుతాయి గానీ చాలా నెమ్మదిగా మారుతాయి: ఇరవై అయిదేళ్ల వయసులో ఏటా 1 శాతం, డెబ్బై అయిదేళ్లు వచ్చేసరికి 0.45 శాతం. అంటే నిండు జీవితం గడిపిన మనిషి గుండె కణాల్లో సగానికి పైగా పుట్టినప్పటివే. కొవ్వు కణాల్లో ఏటా సుమారు పదో వంతు కొత్తవి వస్తాయి, కానీ పెద్దయ్యాక వాటి మొత్తం సంఖ్య పెద్దగా మారదు. బరువు తగ్గినవారిలో కణాలు చిన్నవవుతాయే తప్ప వాటి సంఖ్య తగ్గదని 2008లో ఇదే పద్ధతిలో తేలింది. కంటి కటకం మధ్యలోని ప్రోటీన్లు కూడా పుట్టిన నాటివే. జ్ఞాపకాలకు సంబంధించిన హిప్పోకాంపస్ అనే భాగంలో పెద్దవారికి కొత్త నాడీకణాలు పుడతాయా లేదా అన్నదానిపై మాత్రం పరిశోధకుల మధ్య ఇంకా వాదం నడుస్తోంది. ఇక మచ్చ సంగతి: చర్మకణాలు మారినా, గాయం మానేటప్పుడు ఏర్పడిన కొల్లాజెన్ అనే ప్రోటీను పోగుల అల్లిక మామూలు చర్మపు అల్లికలా తిరిగి కట్టుకోదు. మచ్చ అందుకే నిలుస్తుంది.

ప్రశ్న: మనిషి ఒంట్లో మనిషి కణాలకంటే బ్యాక్టీరియా పదిరెట్లు ఎక్కువట. మరి మనం మనుషులమా, సూక్ష్మజీవుల గుంపులమా?
– డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: పది రెట్లు కాదు, దాదాపు సమానం. పాత అంకెకు 1970లలో ఎవరో వేసిన ఉజ్జాయింపు లెక్క తప్ప గట్టి ఆధారం లేదని 2016లో రాన్ మైలో, ఆయన సహచరులు చూపించారు. వారి లెక్క ప్రకారం 70 కిలోల పురుషుడి శరీరంలో సుమారు 30 లక్షల కోట్ల మానవ కణాలు, 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. మానవ కణాల్లో నూటికి ఎనభై పైచిలుకు ఎర్ర రక్తకణాలే. బ్యాక్టీరియా అంతా కలిపి తూచినా 200 గ్రాములే కాబట్టి, తూకం ప్రకారం చూస్తే మీరు నిశ్చింతగా మనుషులే.

ప్రశ్న: మా నాన్నగారికి ఆపరేషన్ ముందు మత్తుమందు డాక్టరు మీరు ఏ కులం అని అడిగారు. నాకు చాలా కోపం వచ్చింది. వైశ్యులమని చెబితే ఇంకో రక్తపరీక్ష రాశారు. ఇందులో నిజంగా సైన్సు ఏమైనా ఉందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఉంది. ఆ ప్రశ్న ఎందుకు అడుగుతున్నారో ముందే వివరించి ఉంటే మీకు కోపం వచ్చేది కాదు. ఆ వివరణ ఇవ్వకపోవడం మాత్రం మర్యాద కాదని మా అభిప్రాయం.

ఆపరేషన్ సమయంలో శ్వాసగొట్టం అమర్చేందుకు కండరాలను కొద్ది నిమిషాలు సడలించే సక్సినైల్‌కోలిన్ అనే మందును వాడుతుంటారు. దాన్ని రక్తంలోని బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము త్వరగా విరగ్గొట్టేస్తుంది. కొందరిలో పుట్టుకతోనే ఈ ఎంజైము పనిచేయదు. అటువంటివారికి మామూలు మోతాదు ఇచ్చినా నిమిషాల్లో దిగిపోవలసిన మందు గంటల తరబడి పనిచేస్తుంది. ఊపిరి తీసే కండరాలు కూడా కదలవు కాబట్టి మందు ప్రభావం తగ్గేదాకా వెంటిలేటరు మీద ఉంచవలసి వస్తుంది. ఈ లోపం తెలుగునాట వైశ్యుల్లో ఇతరులకంటే సుమారు వంద రెట్లు ఎక్కువ. ఆ విషయం మత్తు వైద్యులకు అనుభవం మీద ఎప్పటినుంచో తెలుసు. ముందే తెలిస్తే ప్రమాదం లేదు: రక్తపరీక్షలో ఎంజైము ఎంత చురుగ్గా ఉందో చూసి, అవసరమైతే వేరే మందు వాడతారు.

ఇలా ఎందుకు జరిగిందన్న దానికి జవాబులో హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీకి పెద్ద పాత్ర ఉంది. అక్కడి కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్‌లోని డేవిడ్ రైక్ తదితరులు 2009లో దేశంలోని 25 సమూహాలకు చెందిన 132 మంది జన్యువులను పరిశీలించి, నేటి భారతీయుల్లో అత్యధికులు రెండు ప్రాచీన జనసమూహాల కలయిక నుంచి వచ్చారని చెప్పారు. ఆ కలయిక సుమారు 4,200 ఏళ్ల కిందటి నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా విస్తృతంగా సాగి, ఆ తర్వాత బాగా తగ్గిపోయిందని 2013లో తేలింది. అంటే ఇప్పుడు ఒకరినొకరు పెళ్లాడని సమూహాల పూర్వీకులు ఒకప్పుడు ఒకరినొకరు పెళ్లాడినవారే. తర్వాత ఎవరికి వారు గిరిగీసుకున్నారు. కొద్దిమంది పూర్వీకులతో మొదలైన సమూహం వందల ఏళ్లు లోపలి సంబంధాలే చేసుకుంటే, ఆ కొద్దిమందిలో ఒకరికి ఉన్న అరుదైన జన్యులోపం కూడా వారసుల్లో తరచుగా కనిపిస్తుంది. 2017లో దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను చూసినప్పుడు వాటిలో 81 సమూహాల్లో ఈ ప్రభావం, ఇందుకు పేరుపడిన ఫిన్లండ్ ప్రజల్లోనూ అష్కెనాజీ యూదుల్లోనూ ఉన్నదానికంటే బలంగా ఉంది. వైశ్యుల జనాభా లక్షల్లో ఉన్నా ఈ జాబితాలో ఉన్నారు. కాబట్టి ఇది ఒక్క కులానికి అంటగట్టవలసిన లోపం కాదు. తక్కిన సమూహాల్లోనూ ఒక్కోదానికి ఒక్కో జన్యులోపం ఇలాగే దాగి ఉండవచ్చు. వైశ్యుల విషయంలో అది ఆపరేషన్ బల్ల మీద బయటపడేది కావడంతో ముందుగా తెలిసింది. మీ నాన్నగారి పరీక్ష ఫలితాన్ని జాగ్రత్త చేసి, తోబుట్టువులకూ పిల్లలకూ చెప్పండి. అది వంశపారంపర్యంగా వచ్చేది.

ప్రశ్న: బనగానపల్లె దగ్గరి జ్వాలాపురంలో తెల్లటి బూడిద తవ్వుతుంటారు. అది ఇండోనేషియా అగ్నిపర్వతం నుంచి వచ్చిందని, ఆ కాలంలోనే ఇక్కడ మనుషులున్నారని అంటారు. వాళ్లు మా పూర్వీకులేనా?
– రైతు, నంద్యాల జిల్లా

జవాబు: మీ ప్రశ్నలోని మొదటి రెండు సంగతులకు బలమైన ఆధారాలున్నాయి. మూడోదాన్ని ఈమధ్యే కొత్తగా ఆలోచించవలసి వస్తోంది.

సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం బద్దలైంది. గత ఇరవై లక్షల ఏళ్లలో అంత పెద్ద పేలుడు మరొకటి లేదంటారు. దాదాపు 2,800 ఘన కిలోమీటర్ల పదార్థం పైకెగిసి, రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న మన నేల మీద కూడా బూడిదగా కురిసింది. జుర్రేరు వాగు లోయలో ఆ బూడిదను వాన నీళ్లు పల్లానికి చేర్చడంతో కొన్నిచోట్ల రెండున్నర మీటర్ల మందాన పేరుకుంది. పురావస్తు శాస్త్రజ్ఞులకు అది అరుదుగా దొరికే నిధి, ఎందుకంటే బూడిద పొరకు కింద దొరికినదంతా పేలుడుకు ముందుది, పైన దొరికినది తర్వాతది అని వేరే పరీక్ష లేకుండానే చెప్పవచ్చు. మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడ కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కోరిశెట్టర్ తదితరులు అక్కడ తవ్వి, 2007లో ఒక ముఖ్యమైన విషయం ప్రకటించారు: బూడిద కిందా, పైనా దొరికిన రాతి పనిముట్లు దాదాపు ఒకేలా ఉన్నాయి. అంటే ఆకాశం నుంచి బూడిద కురిసినా ఈ లోయ మనుషులు తుడిచిపెట్టుకుపోలేదు. టోబా దెబ్బకు మానవజాతి కొద్ది వేలమందికి కుంచించుకుపోయిందని అంతకుముందు గట్టిగా చెబుతూ వచ్చిన వాదానికి ఇది పెద్ద ఎదురుదెబ్బ. మధ్యప్రదేశ్‌లోని సోన్ లోయలో ధాబా అనే చోట 80,000 ఏళ్ల కిందటి నుంచి పనిముట్ల పరంపర తెగకుండా సాగిందని 2020లో వచ్చిన పరిశోధన కూడా ఇదే దారిలో ఉంది.

అయితే ఆ పనిముట్లు చేసింది ఎవరు? ఆఫ్రికాలో ఆధునిక మానవులు చేసిన వాటితో పోలిక ఉంది కాబట్టి మనవంటి మనుషులేనని తవ్వినవారు అన్నారు. ఆ పోలిక చాలదని, మనవంటివారు ఆ తర్వాత పదివేల ఏళ్లకు పైగా గడిచాకే వచ్చారని మరికొందరు అన్నారు. జ్వాలాపురంలో ఆ పొరల్లో మనిషి ఎముక ఒక్కటైనా దొరికి ఉంటే వాదం తెగిపోయేది. దొరకలేదు.

ఇక్కడ జన్యుశాస్త్రం అడ్డం వచ్చింది. ఆఫ్రికా వెలుపల ఉన్న మనుషులందరి జన్యువుల్లో మనకు దగ్గరి బంధువులై, అంతరించిపోయిన నియాండర్తల్ మానవుల వారసత్వం ఒకటి రెండు శాతం ఉంది. ఈ విషయాన్ని 2010లో బయటపెట్టిన స్వాంటే పాబోకు 2022లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ కలయిక ఎప్పుడు జరిగిందన్నది 2024 డిసెంబరులో వచ్చిన రెండు పరిశోధనలు మరింత కచ్చితంగా చెప్పాయి: సుమారు 50,000 ఏళ్ల కిందట మొదలై కొన్ని వేల ఏళ్లు సాగింది. మనందరిలో అదే కలయిక గుర్తులున్నాయి కాబట్టి, మన పూర్వీకులు ఆ కలయిక జరిగిన తర్వాతే ఇటువైపు వచ్చి ఉండాలి. 2025లో 2,762 మంది భారతీయుల పూర్తి జన్యుక్రమాలను చదివిన పరిశోధన కూడా మన వంశవృక్షంలో అత్యధిక భాగం సుమారు 50,000 ఏళ్ల కిందట ఆఫ్రికా దాటిన ఒకే వలసకు చెందుతుందని చెప్పింది.

కనుక 74,000 ఏళ్ల కిందట జుర్రేరు ఒడ్డున రాళ్లు చెక్కినవారు మనవంటి మనుషులే అయినా, వారి వంశం మనదాకా దాదాపు రాలేదు. పేలుడును తట్టుకున్నవారు ఆ తర్వాత ఏమయ్యారన్నది, మా దృష్టిలో, పేలుడుకంటే పెద్ద ప్రశ్న. అదే లోయలోని రాతి ఆవాసంలో 35,000 ఏళ్ల కిందటి నుంచి కనిపించే చిన్న చిన్న పదునైన రాతి పలుకులు చేసినవారిని మాత్రం మీ పూర్వీకులుగా చెప్పుకోవడానికి అడ్డేమీ లేదు. ఆ బూడిదను తవ్వి తరలించే కొద్దీ దాని కింద చదవని పేజీలు కూడా పోతున్నాయన్న సంగతి మీ పంచాయతీలో చెప్పగలిగితే మంచిది.

ప్రశ్న: విశ్వం ఎంత వేగంగా విస్తరిస్తోందన్న దానికి రెండు వేర్వేరు జవాబులు వస్తున్నాయట. ఒకటి తప్పై ఉండాలి కదా?
– ఇంటర్ విద్యార్థిని, వరంగల్

జవాబు: అందరూ మొదట అలాగే అనుకున్నారు. పదేళ్లకు పైగా తప్పు వెతికినా దొరకకపోవడమే ఇప్పటి చిక్కు.

ఒక పద్ధతి దగ్గర నుంచి దూరానికి వెళ్తుంది. సెఫీడ్ అనే నక్షత్రాలు క్రమంగా వెలుగుతూ మసకబారుతూ ఉంటాయి. ఆ ఆవృత్తిని బట్టి వాటి అసలు ప్రకాశం తెలుస్తుంది, కనిపించే ప్రకాశాన్ని బట్టి దూరం తెలుస్తుంది. వాటి సాయంతో ఒక రకం సూపర్‌నోవాల (పేలిపోయే నక్షత్రాల) ప్రకాశాన్ని నిర్ణయించి, మరింత దూరం కొలుస్తారు. ఇలా చేస్తే, దూరం 32.6 లక్షల కాంతి సంవత్సరాలు పెరిగిన ప్రతిసారీ నక్షత్రవీథులు మననుంచి తొలగిపోయే వేగం సెకనుకు సుమారు 73 కిలోమీటర్లు పెరుగుతోందని తేలింది. రెండో పద్ధతి విశ్వం పుట్టిన 3,80,000 ఏళ్లకు వెలువడి, ఇప్పటికీ ఆకాశమంతా నిండి ఉన్న సూక్ష్మతరంగాల నుంచి మొదలవుతుంది. ప్లాంక్ ఉపగ్రహం వాటిని కొలిచిన లెక్కల ప్రకారం ఇప్పుడు ఆ వేగం 67.4 ఉండాలి. రెండు లెక్కల్లోనూ పొరపాటుకు ఉన్న అవకాశం ఆ తేడాకంటే చాలా తక్కువ. హబుల్ టెలిస్కోపు సెఫీడ్ల వెలుగును పక్క నక్షత్రాల వెలుగుతో కలిపేసి తప్పు కొలిచిందేమోనన్న అనుమానం ఉండేది. 2021 డిసెంబరు 25న బయల్దేరిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు వాటిని విడివిడిగా చూసి, హబుల్ కొలత సరైనదేనని నిర్ధారించింది. అయినా వెండీ ఫ్రీడ్‌మన్ బృందం వేరే రకం నక్షత్రాలను కూడా వాడి 70కి దగ్గరి అంకె చెబుతోంది కాబట్టి, దగ్గరి కొలతలవారిలోనే పూర్తి ఏకాభిప్రాయం లేదని గమనించండి.

ఈ తగవు తీరకముందే మరొకటి వచ్చింది. 1998లో విశ్వవిస్తరణ వేగం పుంజుకుంటోందని కనుగొన్నప్పుడు, అందుకు కారణమైన కృష్ణశక్తి ఎప్పటికీ మారని స్థిరాంకమని భావించారు. ఐన్‌స్టీన్ 1917లో తన సమీకరణాల్లో చేర్చి తర్వాత వద్దనుకున్న పదం దానికి సరిగ్గా సరిపోయింది. అమెరికాలోని అరిజోనాలో కిట్ పీక్ మీద 5,000 కాంతితంతులతో ఒకేసారి వేల నక్షత్రవీథులను చూసే డెసీ అనే పరికరం, మూడేళ్లలో దాదాపు కోటిన్నర నక్షత్రవీథులను, క్వేజార్లను (అతి దూరంలో ఉజ్జ్వలంగా వెలిగే నక్షత్రవీథుల కేంద్రాలను) కొలిచింది. 2025 మార్చిలో వచ్చిన ఫలితాలను ఇతర కొలతలతో కలిపి చూస్తే కృష్ణశక్తి గత కొన్ని వందల కోట్ల ఏళ్లలో కొంత బలహీనపడుతున్నట్టు కనిపిస్తోంది. ఏ సూపర్‌నోవా జాబితాతో కలిపారన్న దాన్ని బట్టి ఈ ఫలితం బలం 2.8 నుంచి 4.2 సిగ్మాల మధ్య మారుతోంది. భౌతికశాస్త్రంలో ఆవిష్కరణ అని చెప్పాలంటే 5 సిగ్మాలు కావాలి, అంటే కేవలం యాదృచ్ఛికంగా అలా కనిపించే అవకాశం పది లక్షల్లో ఒకటికంటే తక్కువ ఉండాలి. "ఐన్‌స్టీన్ తప్పన్నారు" అంటూ వచ్చిన శీర్షికలు తొందరపడ్డాయి. పైగా, కృష్ణశక్తి నిజంగానే బలహీనపడుతున్నా మీరడిగిన రెండు జవాబుల తేడా తీరదు. లెక్క ఇంకా కిందికి, 73కు మరింత దూరంగానే జరుగుతుంది.

ప్రశ్న: మా దుకాణంలో అమ్మే బంగారం నక్షత్రాలు ఢీకొన్నప్పుడు పుట్టిందని మా అమ్మాయి చెబుతోంది. నమ్మమంటారా?
– బంగారు నగల వ్యాపారి, ప్రొద్దుటూరు

జవాబు: చాలావరకు నమ్మవచ్చు. సూర్యుడి వంటి నక్షత్రాల కడుపులో బంగారం తయారు కాదు. దానికి పరమాణు కేంద్రకాల మీద న్యూట్రాన్లు వర్షంలా కురవాలి. 2017 ఆగస్టు 17న సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు న్యూట్రాన్ తారలు (పేలిపోయిన భారీ నక్షత్రాల అతి దట్టమైన అవశేషాలు) ఢీకొన్నప్పుడు పుట్టిన గురుత్వ తరంగాలను అమెరికాలోని లైగో, ఇటలీలోని వర్గో పరికరాలు పట్టుకున్నాయి. 1.7 సెకన్ల తర్వాత గామా కిరణాలు అందాయి. తర్వాతి రోజుల్లో ఆ వెలుగు నీలం నుంచి ఎరుపుకు మారిన తీరు, బరువైన మూలకాలు పెద్ద మొత్తంలో పుట్టాయని చెప్పింది. నిక్కచ్చిగా మాట్లాడితే, ఆ కాంతిలో పేరుపెట్టి గుర్తించగలిగింది బంగారాన్ని కాదు, స్ట్రాన్షియాన్ని. అది కూడా 2019లో. బంగారం పుట్టిందన్నది లెక్కల మీద ఆధారపడిన మాట, అయితే గట్టి లెక్క.

బంగారానికి ఇలాంటి ఢీకొనడాలొక్కటే మూలం కాదు. మాగ్నెటార్ అనే తీవ్ర అయస్కాంత శక్తి గల న్యూట్రాన్ తార నుంచి 2004 డిసెంబరులో వెలువడిన ఒక మహాజ్వాల తాలూకు పాత రికార్డులను తిరగేసి, అందులోనూ బరువైన మూలకాలు పుట్టిన గుర్తులున్నాయని 2025లో పరిశోధకులు చూపారు. మన నక్షత్రవీథిలో ఇనుముకంటే బరువైన మూలకాల్లో పదో వంతు దాకా ఇలాంటి జ్వాలల నుంచి వచ్చి ఉండవచ్చని వారి అంచనా. మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో 2,600 కోట్ల రూపాయలతో లైగో-ఇండియా నిర్మాణానికి కేంద్రం 2023లో అనుమతి ఇచ్చింది. అది పనిచేయడం మొదలైతే ఇలాంటి ఘటన ఆకాశంలో ఎక్కడ జరిగిందో మరింత కచ్చితంగా చెప్పవచ్చు.

ప్రశ్న: కే2-18బీ అనే గ్రహం మీద జీవం దొరికిందని 2025లో చదివాను. ఆ తర్వాత ఎవరూ మాట్లాడటం లేదు. ఏమైంది?
– బ్యాంకు ఉద్యోగిని, విశాఖపట్నం

జవాబు: జీవం దొరకలేదు. సింహరాశి దిశలో 124 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆ గ్రహం భూమికి 8.6 రెట్లు బరువైనది. అది తన నక్షత్రం ముందు నుంచి పోయేటప్పుడు నక్షత్రకాంతిలో కొంత దాని వాయుమండలం గుండా వడగట్టుకొని మనకు చేరుతుంది. ఏ రంగులు తగ్గాయో చూసి అక్కడ ఏ వాయువులున్నాయో ఊహిస్తారు. అలా మీథేన్, కార్బన్ డయాక్సైడ్ ఉన్నాయని 2023లో తెలిసింది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలోని నిక్కు మధుసూదన్ బృందం 2025 ఏప్రిల్‌లో డైమిథైల్ సల్ఫైడ్ గానీ, దాని దగ్గరి బంధువు గానీ ఉన్న సూచనలున్నాయని 3 సిగ్మాల బలంతో ప్రకటించింది. భూమి మీద ఆ వాయువును ప్రధానంగా సముద్రంలోని సూక్ష్మజీవులే తయారు చేస్తాయి కాబట్టి సంచలనమైంది. అదే సమాచారాన్ని ఇతర బృందాలు వేర్వేరు పద్ధతుల్లో మళ్లీ లెక్కగడితే ఆ సూచన నిలబడలేదు. పైగా అదే పదార్థం ప్రాణం లేని ఒక తోకచుక్క మీద కూడా ఉన్నట్టు 2024లోనే తేలింది. మధుసూదన్ బృందం కూడా మరిన్ని పరిశీలనలు కావాలనే చెప్పింది. "జీవం దొరికింది" అన్నది పత్రికలు చేర్చిన మాట.

జీవానికి కావలసిన ముడిసరుకు గురించి నిజంగా చేతికందిన ఆధారం కావాలంటే బెన్ను అనే గ్రహశకలం వైపు చూడండి. దాని మట్టిని నాసా వ్యోమనౌక 2023 సెప్టెంబరు 24న యూటా ఎడారిలో దించింది, తూకం 121.6 గ్రాములు. జీవులు ప్రోటీన్లకు వాడే 20 అమైనో ఆమ్లాల్లో 14, డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలకు కావలసిన అయిదు క్షారాలూ, ఉప్పునీరు ఆవిరైపోగా మిగిలిన లవణాలూ అందులో ఉన్నాయని 2025 జనవరిలో ప్రకటించారు. అదే ఏడాది డిసెంబరులో ఆర్‌ఎన్‌ఏకు వెన్నెముక వంటి రైబోజ్ అనే చక్కెర, దానితో పాటు గ్లూకోజ్ కూడా దొరికాయి. మట్టి మూసిన పాత్రలో వచ్చింది గనుక, నేల మీద పడ్డ ఉల్కల విషయంలో ఎప్పుడూ ఉండే కల్తీ అనుమానం ఇక్కడ లేదు.

అందులో ఒక ఎదురుచూడని విషయం కూడా ఉంది. అమైనో ఆమ్లాలు చాలావరకు అద్దంలో ప్రతిబింబాల్లా ఎడమవాటం, కుడివాటం అనే రెండు రూపాల్లో ఉంటాయి. భూమి మీది జీవులు ప్రోటీన్లకు ఎడమవాటం వాటినే వాడతాయి. ఆ మొగ్గు అంతరిక్షం నుంచే వచ్చిందని చాలామంది అనుకున్నారు, కొన్ని ఉల్కల్లో అలాంటి మొగ్గు కనిపించింది కూడా. బెన్ను మట్టిలో రెండు రూపాలూ దాదాపు సమానంగా ఉన్నాయి. కాబట్టి ముడిసరుకు పైనుంచి వచ్చినా, ఎడమ వైపు మొగ్గింది భూమి మీదే అయి ఉండవచ్చు. ఎందుకు మొగ్గిందన్న దానికి వెతుకులాట ఇప్పుడు మళ్లీ భూమి మీదికే తిరిగి వచ్చింది.